మొదటి కత్తికి కమాన్ కట్ట ముక్క చాలు

మొదటిసారి కత్తి చేసేటప్పుడు ఖరీదైన స్టీలు వద్దు. మా విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) పని చేసేవాళ్లను కొత్త ముక్క అడగండి. పాతదాంట్లో కంటికి కనపడని పగుళ్లుండొచ్చు. ఎర్రగా కాల్చి, చదును చేసి, మళ్లీ కాల్చి బూడిదలో కప్పి రాత్రంతా వదిలేస్తే ఆకురాయికి లొంగుతుంది. దాంతో కత్తి ఆకారానికి అరగదీయండి. అంచు ఒక మిల్లీమీటరు మందం ఉంచండి, లేకపోతే నూనెలో ముంచగానే వంకరపోవచ్చు.

అసలు టెన్షన్ ఆ కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే దగ్గరే. రంగు చూసి వేడి అంచనా వేయడం బెజవాడ ఎండలో కుదిరే పని కాదు, నీడలో చేయండి. అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాల్చి, గోరువెచ్చని నూనెలో నిటారుగా ముంచండి. నీళ్లలో ముంచితే చిట్లే ప్రమాదం ఎక్కువ. నూనె డబ్బాకు ఇనుప మూత దగ్గరుంచుకోండి, మంట లేస్తుంది. ఆకురాయి గీరక జారిపోతే గట్టిపడినట్టే, కానీ గాజులా పెళుసు. ఆ పెళుసుతనం తగ్గడానికి అదే రోజు ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు, రెండుసార్లు ఉంచండి. పిడికి టేకు ముక్క చాలు.