నూకల గంజి పులుపు దగ్గరే ఆగిపోతే

గోదావరి డెల్టాలో మిల్లు నూకలకు కొదవ లేదు. వాటిని పులియబెట్టి అసిటోన్, బ్యూటనాల్ అనే ద్రావకాలు తీయాలన్నది ప్రయత్నం. ఆ పని చేసే బాక్టీరియా క్లోస్ట్రిడియం అసిటోబ్యుటిలికమ్ పిండిని నేరుగా తింటుంది కాబట్టి విడిగా ఎంజైమ్ అక్కర్లేదు. లీటరు నీటికి 60 గ్రాముల నూకపిండి, బాక్టీరియాకు పోషకంగా 2 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఈస్ట్ సారం), 37 డిగ్రీల వేడి. మొదటిరోజు గ్యాస్ బాగానే పొంగింది. రెండోరోజుకి బుడగలు ఆగాయి, పీహెచ్ 4.2, మూత తీస్తే ముక్కిపోయిన వెన్న వాసన. అది బ్యుటిరిక్ ఆమ్లం.

ఈ బాక్టీరియా ముందు అసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు వదులుతుంది. పీహెచ్ 5 దగ్గరకు దిగాక వాటినే వెనక్కి తీసుకుని అసిటోన్, బ్యూటనాల్‌గా మారుస్తుంది. ఆమ్లం మరీ వేగంగా పేరుకుంటే ఆ మార్పు జరిగేలోపే చతికిలపడుతుంది. పీహెచ్ 4.2లో ఈ ఆమ్లాల్లో ఐదింట నాలుగు వంతులు అయాన్లుగా విడిపోకుండా ఉంటాయి. కణపొరను దాటి లోపలికి చొరబడి కణాన్ని దెబ్బతీసేది ఆ రూపమే.

కుదిరిన మార్గం: లీటరుకు 4 గ్రాముల కాల్షియం కార్బొనేట్, 2 గ్రాముల అమ్మోనియం అసిటేట్ మొదట్లోనే వేసి, వేడిని 33 డిగ్రీలకు తగ్గించడం. తాంబూలం సున్నం మాత్రం వద్దు, పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. క్షారం పోస్తూ 6.5 దగ్గరే బిగించి ఉంచినా ఆమ్లాలే మిగులుతాయి. కార్బొనేట్ పొడి అడుగున పేరుకుంటుంది; గాలి చొరకుండా సీసాను మెల్లగా కదపాలి.

పీహెచ్ 5.0కి దిగి, తనంతట తానే 5.3కి ఎక్కింది. చూడాల్సిన గుర్తు అదే. బ్యూటనాల్ లీటరుకు 13 గ్రాముల దరికి వచ్చేసరికి అదే విషమై కణాలను ఆపేస్తుంది, అందుకే పిండి ఇంకా పెంచినా దండగే.