కదాకేస్‌లో మూడు రోజులు: బయల్దేరే ముందు చూసుకోవలసినవి

స్పెయిన్ ఈశాన్య కొసన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో, కొండల వెనక దాక్కున్న తెల్లటి ఇళ్ళ ఊరు కదాకేస్. స్పెయిన్ అనగానే జేబుదొంగల భయం పట్టుకుంటుంది చాలామందికి. ఆ భయమేదో బార్సిలోనా మెట్రోలో పడండి. ఇక్కడ సెలవు పాడుచేసేవి గాలి, రాళ్ళు, ఘాట్ రోడ్డు.

ముందు గాలి సంగతి. ఉత్తరాన పిరనీస్ కొండల మీంచి దిగే పొడిగాలిని స్థానికులు ట్రముంతానా అంటారు. విజృంభిస్తే గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది, రోజుల తరబడి వదలదు. చిక్కేమిటంటే, ఆ రోజుల్లో ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంటుంది. ఊరి ముందున్న అఖాతం ఆగ్నేయంగా తెరుచుకుని ఉండడంతో గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. ఒడ్డు పక్క నీళ్ళు చెరువులా నిలకడగా కనిపిస్తాయి. ఆ ధైర్యంతో గాలి ఊదిన పరుపు మీద పిల్లల్ని కూర్చోబెడితే, కాస్త లోపలికి వెళ్ళేసరికి తెడ్డు వేసినా వెనక్కి రాదు. ట్రముంతానా వీచే రోజు పరుపులు, రింగులు, పాడిల్ బోర్డులు గదిలోనే ఉంచండి. ఖాళీ పరుపు కొట్టుకుపోతే దాని వెంట ఈదొద్దు, పోనివ్వండి. మనిషి ఉంటే వెంటనే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. గాలి తగ్గాక కూడా నీళ్ళు ఒక్కసారిగా చల్లబడి ఉంటాయి, మెల్లగా దిగండి.

తూర్పు గాలి తిరిగితే అలలతో పాటు జెల్లీ ఫిష్‌లు ఒడ్డుకొస్తాయి. తెల్ల జెండా మీద వాటి బొమ్మ కనిపిస్తే నీళ్ళలో దిగకండి. ఈ తీరంలో తరచూ కుట్టేది ఊదారంగు పెలాజియా. కుడితే మంచినీళ్ళు పోయకండి, టవల్‌తో రుద్దకండి: చర్మానికి అంటుకున్న విషపు కణాలు ఇంకా పగులుతాయి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, మిగిలిన పోగుల్ని పట్టకారుతో తీయండి. వంట సోడా, సముద్రపు నీరు సమానంగా కలిపి రెండు నిమిషాలు పట్టించండి. తర్వాత ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ సంచిలో వేసి అద్దండి. చిన్న పొట్లం వంట సోడా ఇంటి నుంచే తీసుకెళ్తే సరి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా చిట్కాలు ఆపేసి 112.

బీచ్‌లు చిన్నవి, ఇసుక బదులు గులకరాళ్ళు. రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళబంతుల్లా సీ అర్చిన్‌లు అతుక్కుని ఉంటాయి. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు లేకుండా దిగకండి. ముల్లు దిగితే గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి పైకి కనిపించినంత వరకే లాగండి. సూదితో గెలికితే లోపలే విరుగుతుంది.

ఊరి సందులు కూడా రాయే: పలకరాళ్ళను నిలువుగా పేర్చి చేసిన ఏటవాలు దారులు. తడిస్తే జారతాయి, సూట్‌కేస్ చక్రాలు ఇరుక్కుంటాయి. వీపు సంచీ మేలు.

రైలు లేదు. ఫిగేరస్ పట్టణం నుంచి బస్సులో సుమారు గంట, అంతా మెలికల కొండదారి. కడుపు తిప్పే అలవాటుంటే గంట ముందే మాత్ర వేసుకోండి. జూలై, ఆగస్టుల్లో కారుకు చోటు దొరకడం గగనం, జూన్ లేదా సెప్టెంబరు హాయి.

శాకాహారులకు ఓ మాట: 'సిన్ కార్నె' అంటే మాంసం లేదనే, చేప ఉండదని కాదు. సలాడ్‌లో ట్యూనా, కాల్చిన కూరగాయల ఎస్కలివాదా మీద ఆంచోవీ చేపలు వచ్చేస్తాయి. 'సిన్ పెస్కాదో' (చేప లేకుండా) కూడా చేర్చండి. మధ్యాహ్నం మూడున్నరకల్లా వంటిళ్ళు మూసేస్తారు, రాత్రి భోజనం ఎనిమిది తర్వాతే.

పక్కనే పోర్ట్‌లిగాత్‌లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఇల్లు చూడాలంటే టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. చిన్న గుంపులుగా లోపలికి పంపుతారు, ఆలస్యమైతే మీ వంతు పోయినట్టే.

సముద్రంలోకి చొచ్చుకుపోయిన క్యాప్ ద క్రెయుస్ కొస మీది దీపస్తంభం దాకా నడిచేవాళ్ళు మనిషికి కనీసం లీటరున్నర నీళ్ళు పట్టుకోండి, దారంతా నీడ ఉండదు. ట్రముంతానా రోజున ఆ నడక మానుకోండి, అంచుల్లో గాలి మనిషిని పక్కకు నెట్టేస్తుంది.