పందిరి మంచం కిర్రుమనడం ఎలా ఆగిందంటే
షాంఘైలో మా ఇంట్లో ఆరు స్తంభాల పాత పందిరి మంచం ఉంది. చలికాలం హీటర్ వేడికి కర్ర ఎండి, ముందువైపు చెక్కడపు జాలీ వదులైంది. పక్క తిరిగితే చాలు, కిర్రు. వడ్రంగి మేకులు కొడదామంటే నేను ఒప్పుకోలేదు. చైనా మింగ్ రాజుల కాలం నుంచీ ఇలాంటి మంచాలు నిలబడేది కుసి (కర్ర కొసన చెక్కిన నాలుక), బెజ్జం (అది దూరే రంధ్రం) అతుకుల మీదే. మేకు దిగితే గట్టి కర్ర పగులుతుంది, తర్వాత విప్పలేం కూడా.

అతుకు దగ్గర వేడినీళ్ల గుడ్డ పెడితే పాత జిగురు మెత్తబడింది. పొరలా గట్టిపడ్డ ఆ జిగురునంతా ఓపిగ్గా గీకాను. అరిగిన కుసికి అదే జాతి కర్రతో పల్చటి పేడు అతికించి, వేడి వేడి వజ్రం (పశువుల తోలు నుంచి తీసే జిగురు) రాసి, గుడ్డ చుట్టిన తాడుతో రాత్రంతా బిగించాను. గాడిలో కూర్చునే పలకలకు మాత్రం జిగురు తగలనివ్వకండి, వాతావరణాన్ని బట్టి అవి కదలాలి. ఇప్పుడు గదిలో గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్ పెట్టాం, చప్పుడు లేదు.