పోలికను చెప్పే మాటల్లో దేనిని ఎక్కడ వాడాలి

అనంతపురంలో కదిరి-6 వేరుశనగ విత్తనకాయలు అడిగిన రైతుతో అంగడివారు "ఇవీ ఆ మాదిరివే" అంటే ఒక అర్థం, "ఇవి అవే" అంటే మరో అర్థం. మొదటి మాటలో పోలిక మాత్రమే ఉంది. కాయ చూపుకు దగ్గరగా ఉన్నా రకం వేరు కావచ్చు. రెండో మాట రకమే మారలేదని హామీ ఇస్తుంది. కాబట్టి చెప్పదలచుకున్నది పోలికా, సమానతా, లేక రెండూ ఒకటే అనా అన్నది ముందుగా తేల్చుకొని ఆ తరువాతే మాటను ఎంచుకోవాలి.

నామవాచకానికి ముందు "లాంటి", "వంటి" రావాలి. క్రియను వివరించడానికి "లాగా", "వలె" రావాలి. రాయలసీమలో "మాదిరి" ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది: "వాళ్ల నాయన మాదిరి మనిషి", "వాళ్ల నాయన మాదిరి నడుస్తాడు". "వాన వచ్చే మాదిరి ఉంది" అన్నప్పుడు అది ఊహను కూడా చెబుతుంది. ఇంత పనికొచ్చే మాటను మాండలికమని వ్యాసాల్లోంచి తీసివేయడం నాకు సమ్మతం కాదు. అయితే "మాదిరి ప్రశ్నపత్రం"లో అది నమూనా, "ఓ మాదిరి వాన"లో మధ్యరకం అని గుర్తుంచుకొని, అర్థం తడబడకుండా వాక్యాన్ని కూర్చుకోవాలి.

"కడప, కర్నూలు వంటి జిల్లాలకు సాయం అందించాలి" అని అర్జీలో రాస్తే ఆ రెండు జిల్లాలూ లెక్కలోకి వస్తాయి. "కడప వంటి జిల్లా మరొకటి లేదు" అన్నప్పుడు మాత్రం కడప ఆ లెక్కకు వెలుపల ఉంటుంది. సందేహానికి తావివ్వకూడని చోట "మొదలైన" అని రాయడం, వీలైతే పేర్లన్నీ వరుసగా ఇవ్వడం మేలు.

ఎక్కువగా చిక్కు తెచ్చేది "ఒకే". "మా ఊరికి ఒకే బస్సు వస్తుంది" అంటే రెండోది లేదని. "ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు" అంటే వేర్వేరు బస్సులు కావని. "అక్కాచెల్లెళ్లు ఒకే ధర్మవరం చీర కట్టుకున్నారు" అనే వాక్యం వినేవారిని తికమక పెడుతుంది కనుక "ఒకే రకం చీరలు" అనాలి. తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణాలయం రెండూ విజయనగర కాలపు నిర్మాణాలే కాబట్టి "ఒకే శైలి" అనవచ్చు. ఒకటి శివాలయం, మరొకటి విష్ణ్వాలయం కాబట్టి "రెండూ ఒకటే" అనకూడదు. "అదే" వాడాలంటే ఆ వస్తువు ప్రస్తావన అంతకుముందే వచ్చి ఉండాలి.

"సమానం" కొలతకు, విలువకు, హోదాకు చెందిన మాట. "దానికి సమానం", "దానితో సమానం" రెండూ సరైనవే. గండికోట దగ్గర పెన్నా లోయ అమెరికాలోని పెద్ద లోయ గ్రాండ్ కాన్యన్‌ను పోలి ఉందనవచ్చు గాని, దానితో సమానమంటే పరిమాణం అడ్డువస్తుంది. "పోలిన"కు ముందు "తండ్రిని" అనాలి, "తండ్రికి" అనకూడదు. "తుల్య" సంస్కృత పదాలతోనే కలుస్తుంది: "పితృతుల్యుడు" సరైనది, "నాన్నతుల్యుడు" కాదు, అక్కడ "నాన్నలాంటివారు" అంటే సరిపోతుంది.

"అచ్చం" పోలికకు బలం ఇస్తుందే తప్ప రెండింటినీ ఒకటి చేయదు. "ఇంచుమించు" "సమానం"తో బాగా కుదురుతుంది.

సాక్ష్యాలు, ఫిర్యాదులు రాసేవారు "-ట్టు"తో మరింత జాగ్రత్తగా ఉండాలి. "అతడు చూసినట్టు చెప్పాడు" అంటే చూశానని చెప్పాడనీ కావచ్చు, చూడకపోయినా చూసినవాడిలా చెప్పాడనీ కావచ్చు. మొదటి అర్థం కావాలంటే "చూశానని చెప్పాడు" అని, రెండోది కావాలంటే "చూడకుండానే చూసినట్టు చెప్పాడు" అని విడమరచి రాయాలి.