సొంతంగా ఇంగ్లీషు – 7వ పాఠం: పాతబడిన మాటలు

పోయిన పాఠంలో అర్జీ ఎలా ఎత్తుకోవాలో చూశాం. ఈసారి ముగింపు. కావలిలోనో కందుకూరులోనో ఇంగ్లీషు అర్జీ టైపు చేయిస్తే, మనం చెప్పకపోయినా చివర్లో ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ వచ్చి కూర్చుంటుంది. చేయవలసింది చేయగలరు అని దాని భావం. తప్పేం కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఇలాగే రాసుకునేవాళ్ళు. అక్కడ ఆ వాడుక సన్నగిల్లింది, దొరల నాటి ఆఫీసు రాతతోపాటు మన దగ్గర నిలిచిపోయింది. అందుకే ఒంగోలు గుమాస్తాకు అది మర్యాదగా వినిపిస్తుంది, లండన్‌లో చదివేవాడికి తాతల నాటి ఉత్తరంలా ఉంటుంది.

పైగా ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు. బయటిదేశం కంపెనీకి రాసేటప్పుడు పనేదో విప్పి అడగండి: ‘ప్లీజ్ సెండ్ మీ ది సర్టిఫికెట్ బై ఫ్రైడే’. ఇక్కడి ఆఫీసుకైతే నీడ్‌ఫుల్ ఉంచుకోండి, కొంపేం మునగదు. ‘ఐ బెగ్ టు స్టేట్’ మాత్రం ఎక్కడా వద్దని నా మాట. అర్జీ పెట్టుకోవడం మన హక్కు, బెగ్గింగ్ దేనికి?

అసలు తమాషా ‘యూ’కి బదులు ఒకప్పుడు వాడిన ‘దౌ’ (thou) అనే మాటది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. నెల్లూరులో ఆ మిషన్ అంతకుముందే ఉంది. కాబట్టి దౌ, దీ, దై ఉండే పాత ఇంగ్లీషు ప్రార్థన చెవినపడ్డవాళ్ళు మనవైపు ఉంటారు. వాళ్ళను అడగండి, ‘యూ కంటే దౌ గౌరవం’ అంటారు. ఇంగ్లీషు సొంత భాషైనవాళ్ళలోనూ చాలామందికి అదే అభిప్రాయం.

నిజం తలకిందులు. ఒకప్పుడు దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలు ఒక్కరితో మాట్లాడేచోట దౌ అనే అంటుంది, ఎదుట ఉన్నది దేవుడైనా దొంగైనా. మన ప్రార్థనలో దేవుణ్ణి ‘నీవు’ అనడం లేదూ? అదే మాట మనుషుల మధ్య వేరుగా తగిలేది. 1603లో ఇంగ్లండు రాజాస్థానంలో పేరున్న వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని కావాలనే దౌ అన్నాడు. నిండు కోర్టులో పెద్దమనిషిని ‘ఒరేయ్’ అన్నట్టు! తర్వాత్తర్వాత మామూలు మాటల్లో దౌ తగ్గిపోయి చర్చిలోనూ కవిత్వంలోనూ మిగిలింది. అక్కడే వింటూ వచ్చిన జనం దానికి గౌరవం అంటగట్టారు.

నిఘంటువు తీసినప్పుడు అర్థంతో ఆగకండి, మాట పక్కన వేసిన ముద్ర కూడా చూడండి. ‘డేటెడ్’ అని ఉంటే పాతబడింది, పెద్దవాళ్ళ నోట ఇంకా ఉండొచ్చు. ‘ఆర్కాయిక్’ అంటే రోజువారీ వాడుకలోంచి పోయింది, కావాలని పాతవాసన తెప్పించడానికే వాడతారు. ‘అబ్సొలీట్’ అంటే వాడుకే పూర్తిగా పోయింది, వదిలేయండి.

ఒక మెలిక. వింతగా వినిపించిందల్లా పాతది కాదు. ‘ప్రీపోన్’ (అనుకున్న తేదీకంటే ముందుకు జరపడం) విని అమెరికావాడు తెల్లమొహం వేస్తే, అది ముసలిదైపోయి కాదు, మన దేశంలో ఎక్కువగా తిరిగే మాట కావడం వల్ల. ‘ఫోర్ట్‌నైట్’ (రెండు వారాలు) బ్రిటన్‌లో మామూలే, అమెరికాలో అరుదు.

అభ్యాసం: థ్రైస్, వైల్‌స్ట్, హియర్‌విత్, అవుట్ ఆఫ్ స్టేషన్. ఒక్కోదానికీ నిఘంటువులో ఏ ముద్ర ఉందో చూడండి. ఆపైన ఇంట్లో పెళ్ళికి మూడురోజుల సెలవు కోరుతూ ఒకే ఉత్తరాన్ని రెండుసార్లు రాయండి: ఒకటి గూడూరులోని హెడ్మాస్టరుకు, రెండోది లండన్‌లోని మేనేజరుకు.