బొమ్మల కొలువు ఆర్డర్లు మొదలయ్యేలోపు గ్రైండర్‌ను విప్పి చూడండి: లేత్ ఉలులకు సాన పట్టేవారికి జాగ్రత్తలు

నవరాత్రులు దగ్గరపడుతున్నాయంటే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెక్క లేత్ షాపులకు చేతినిండా పని. కొలువు మెట్ల కాళ్లు, బొంగరాలు, లక్కపిడతల సెట్లు, వాటితో పాటే మంచం కోళ్లు, చపాతీ కర్రలు. పని పెరిగితే ఉలి మొద్దుబారడమూ పెరుగుతుంది. అప్పటిదాకా మూలన పొట్టు కొట్టుకుపోయి పడున్న, రెండు పక్కలా సాన రాళ్లు తిరిగే బెంచ్ గ్రైండర్‌ను పైపైన తుడిచి స్విచ్ వేసేస్తారు. సాయానికొచ్చిన కుర్రాడి చేతికి కూడా ఉలి ఇచ్చి "కాస్త సాన పట్టుకురారా" అని పంపుతారు. లేత్ దగ్గర ఉండే భయంలో సగం కూడా గ్రైండర్ దగ్గర ఉండదు, చిన్న మెషిన్ కదా అని కాబోలు.

లెక్క వేసి చూడండి. 6 అంగుళాల రాయి 2,850 ఆర్‌పీఎం (నిమిషానికి 2,850 చుట్లు) మీద తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 22 మీటర్లు, అంటే గంటకు 80 కిలోమీటర్లు. అదే ఆర్‌పీఎం మీద 8 అంగుళాల రాయి అయితే గంటకు 107 కిలోమీటర్లు. రాయి పగిలితే ముక్కలు ఆ వేగంతోనే ముఖం మీదికి వస్తాయి. అందుకే స్విచ్ వేయకముందు చూసుకోవాల్సిన వాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాం.

రాయిని మోగించి చూడడం

ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. రాయిని కప్పి ఉంచే గార్డు మూత తీసి రాళ్లు రెండూ విప్పండి. కుడి పక్క నట్ మామూలు మరే. ఎడమ పక్కది మాత్రం తిరగమర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక స్పానర్‌కు పైపు తొడిగి బలం పెడితే నట్ ఊడదు సరికదా, రాయి చీలుతుంది.

విప్పిన రాయిని బ్రష్‌తో శుభ్రం చేసి, బెజ్జంలో వేలు పెట్టి గాలిలో వేలాడదీయండి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితోనో చిన్న కర్రతోనో మెల్లగా తట్టండి. ఇనుప వస్తువుతో తట్టకూడదు. తట్టే చోటు ముఖ్యం: సరిగ్గా నడినెత్తిన కాకుండా అక్కడి నుంచి 45 డిగ్రీలు పక్కకు, అంచు నుంచి ఒకటి రెండు అంగుళాలు లోపలికి. రెండో పక్కా తట్టి, రాయిని ఎనిమిదో వంతు తిప్పి మళ్లీ తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే: గట్టి రాయి ఖంగుమంటుంది, పగులున్న రాయి బొద్దుగా పలుకుతుంది. నడినెత్తిన తడితే మంచి రాయి కూడా సరిగా మోగకపోవచ్చు, దాన్ని చూసి పారేయొద్దు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. అక్టోబరులో ఈశాన్య వానలు దిగాక రేకుల షెడ్లో రాయి చెమ్మ పీలుస్తుంది. చెమ్మపట్టిన రాయి పగులు లేకపోయినా బొద్దుగానే పలుకుతుంది. బాగా ఆరనిచ్చి మళ్లీ మోగించండి. అప్పటికీ అనుమానం తీరకపోతే దాన్ని వాడకండి. షెల్ఫ్ మీద పెడితే ఎవరో ఒకరు తీసి బిగిస్తారు కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో ముక్కలు చేసేయడమే మంచిది. మోగించే పరీక్ష మామూలు విట్రిఫైడ్ (గింజలను గాజులాంటి బంధంతో కాల్చి చేసిన) రాళ్లకే. లోహపు చక్రం మీద అతి గట్టి గింజల పూత ఉండే సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) వీల్‌కు ఈ పరీక్ష లేదు, రాయి ముఖాన్ని చెక్కి సరిచేసే (డ్రెస్సింగ్ చేసే) డైమండ్ డ్రెస్సర్ కూడా దానికి పెట్టకూడదు.

లేబుల్ చదవడం

కొత్త రాయి కొనేటప్పుడు దాని మీది గరిష్ఠ ఆర్‌పీఎం మీ మోటారు ప్లేటు మీది అంకె కంటే ఎక్కువ ఉండాలి. సమానం దగ్గరే ఉంటే కొనకండి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 కర్మాగారాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం సాన పట్టే ప్రతి యంత్రం దగ్గరా రాయి గరిష్ఠ వేగం, ఇరుసు వేగం రాసి ఉంచాల్సి ఉండేది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపును ఏ ఇన్‌స్పెక్టరూ అడగకపోవచ్చు, అయినా గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటే పోయేదేమీ లేదు.

హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఉలులకు "డబ్ల్యూఏ 80 కె 5 వి" లాంటి గుర్తున్న తెల్ల రాయి తీసుకోండి. డబ్ల్యూఏ అంటే తెల్ల అల్యూమినియం ఆక్సైడ్, 80 గరుకు, కె గట్టిదనం, 5 గింజల ఎడం, వి విట్రిఫైడ్. గ్రైండర్‌తో పాటు వచ్చే గట్టి బూడిదరంగు రాయి త్వరగా నున్నబడి, కోయడం మానేసి ఉలిని వేడెక్కిస్తుంది. అప్పుడు మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పచ్చ రాయి కార్బైడ్ ముక్కలకు, ఉలులకు కాదు.

బిగించేటప్పుడు రాయి ఇరుసు మీదికి తేలిగ్గా జారాలి. పట్టడం లేదని బెజ్జాన్ని ఆకురాయితో పెద్దది చేయకండి, వదులుగా ఉంటే కాగితం చుట్టకండి, బెజ్జంలో పట్టే సరైన బుష్ (గొట్టం ముక్క) తెచ్చుకోండి. రెండు పక్కలా అట్ట వాషర్లు ఉండాలి. రాయిని అటూ ఇటూ నొక్కిపట్టే లోహపు బిళ్లలు, అంటే ఫ్లాంజులు, రెండూ ఒకే వ్యాసంలో, రాయి వ్యాసంలో మూడో వంతుకు తగ్గకుండా ఉండాలి. నట్ చేతి బలంతో బిగిస్తే చాలు. గార్డు మూత పెట్టాక, పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తినే తిప్పండి. లోపమున్న రాయి ఎక్కువగా పగిలేది ఈ మొదటి నిమిషంలోనే. ఆ తర్వాత కూడా రోజూ స్విచ్ వేసేటప్పుడు రాయికి ఎదురుగా నిలబడకపోవడం అలవాటు చేసుకోండి.

3 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్లు

ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కూ రాయికీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. పైన గార్డు నాలుకకూ (గార్డు ముందంచున జరిపే రేకు) రాయికీ మధ్య 6 మి.మీ. దాటకూడదు. రాయి అరిగేకొద్దీ ఈ సందులు పెరుగుతాయి. డ్రెస్సింగ్ చేసిన ప్రతిసారీ కొలవాలి, మెషిన్ పూర్తిగా ఆగాకే జరపాలి.

ఎందుకింత పట్టుదల అంటే, లేత్ పనివాళ్ల దగ్గర చెక్కను తెగకోసే 3 మి.మీ. మందం పార్టింగ్ ఉలి ఉంటుంది, పక్కకు వాలిన స్క్యూ ఉలి మొన ఉంటుంది. రాయి పైనుంచి కిందికి మీ వైపు తిరుగుతుంది. సందు 5, 6 మి.మీ. అయిందంటే సన్నటి ఉలి అందులోకి జారి ఇరుక్కుంటుంది. మోటారు ఆగదు. ఉలి రాయిని మేకులా చీలుస్తుంది, లేదా ఉలి మీది వేళ్లను రెస్ట్‌కేసి నలిపేస్తుంది. మందంగా ఉన్న గౌజ్ అనే గుల్ల ఉలితో ఏళ్ల తరబడి ఏమీ కాలేదంటే సందు సరిగా ఉందని కాదు, ఉలి మందంగా ఉందని.

ఉలి ఆనించే పద్ధతి

ఉలి వాలు మీద నల్ల మార్కర్ పూయండి. మెషిన్ ఆపి ఉండగానే ఉలిని రెస్ట్ మీద ఆనించి రాయిని చేత్తో కొద్దిగా తిప్పండి. నలుపు ఎక్కడ చెరిగిందో చూస్తే రెస్ట్ కోణం సరిపోయిందో లేదో తెలుస్తుంది. ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే జిగ్ వాడేవాళ్లు దాని చేయి బిగించి, ఇలా చూశాకే స్విచ్ వేయాలి.

తిరుగుతున్నప్పుడు వరస తప్పకూడదు: ముందు ఉలి రెస్ట్ మీద ఆనాలి, తర్వాత వాలు కింది భాగం రాయిని తాకాలి, ఆ తర్వాతే పిడి మెల్లగా ఎత్తుతూ అంచు దాకా రావాలి. నిప్పురవ్వలు అంచును దాటి పైకి రాగానే ఆపేయండి. అంచే ముందు తాకితే రాయి దాన్ని కరిచి లాగుతుంది. గౌజ్ తిప్పేటప్పుడు మొన రాయి పక్క అంచు దాటి జారకుండా చూసుకోండి. రాయి పక్క ముఖం మీద సాన పట్టకండి, మామూలు రాయి ఆ ఒత్తిడికి తయారైంది కాదు. చెక్క, అల్యూమినియం, రాగి ఆనిస్తే గింజల సందులు పూడుకుపోతాయి. ఆపాక కర్రతోనో ఉలితోనో నొక్కి రాయిని నిలపకండి, దానంతట అదే ఆగాలి.

ఉలి ఏ ఉక్కుదో రవ్వలే చెప్తాయి. హెచ్‌ఎస్‌ఎస్ అయితే మసక ఎరుపు రవ్వలు, తక్కువగా. మామూలు కార్బన్ ఉక్కు అయితే తెల్లగా, పువ్వుల్లా విచ్చుకునే రవ్వలు. కార్బన్ ఉలిని రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచాలి, నీలం రంగు తిరిగిందంటే ఆ మేరకు పదును నిలవదు. హెచ్‌ఎస్‌ఎస్ నీలం తిరిగినా గట్టిదనం పోదు. ఎర్రగా వేడెక్కిన దాన్ని నీళ్లలో ముంచితేనే అంచున కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, ఆ అంచు లేత్ మీద పెచ్చులూడుతుంది. పాత ఆకురాయిని అరగదీసి చేసిన ఉలిని మాత్రం కార్ఖానాలో ఉంచకండి. అది గట్టిదే గానీ పెళుసు, తిరిగే చెక్క ఒక్కసారి పట్టిందంటే పిడి దగ్గర పుటుక్కుమంటుంది.

బట్టలు, పొట్టు, కరెంటు

గ్లౌజులు వద్దు. భుజం మీది తువ్వాలు, వదులు పొడుగు చేతులు, చున్నీ, కొండ మీద కట్టించుకున్న చేతి దారాలు, గాజులు అన్నీ తీసి పెట్టండి. జడ ముడివేసి టోపీలో దోపుకోవాలి. గుండు చేయించుకొచ్చినవాళ్లకు ఆ ఒక్క బెంగ లేదు. కళ్లకు పక్కలు మూసిన పాలీకార్బొనేట్ గాగుల్స్, వాటి మీద ముఖానికి షీల్డ్. షీల్డ్ ఒక్కటే అయితే కింద నుంచి రవ్వ వస్తుంది. చదువుకునే కళ్లద్దాలు లెక్కలోకి రావు. డ్రెస్సింగ్ చేసేటప్పుడు ఎన్95 మాస్క్ తప్పనిసరి.

చెక్కపని షాపులో గ్రైండర్‌కు ఉన్న అసలు ఇబ్బంది పొట్టు. రవ్వ పడిన పొట్టు మంట కనపడకుండా గంటల తరబడి లోలోపల రగులుతుంది, షాపు మూసి ఇంటికి వెళ్లాక అంటుకుంటుంది. గ్రైండర్‌ను లేత్‌కు దూరంగా పెట్టండి, గార్డు అడుగున చేరిన పొట్టును రోజూ దులపండి, ఇసుక బకెట్ దగ్గర ఉంచండి. పొట్టు లాగే డస్ట్ కలెక్టర్ గొట్టాన్ని గ్రైండర్‌కు ఎప్పుడూ కలపొద్దు, లోపలి సంచి నిండా కాలడానికి సిద్ధంగా ఉన్న పొట్టే. లక్క, స్పిరిట్, టర్పెంటైన్ డబ్బాలు పక్క గదిలో ఉండాలి. సాయంత్రం పని అయ్యాక అరగంట ఆగి, చుట్టూ వాసన చూసి తాళం వేయండి.

మెషిన్ నాలుగు బోల్టులతో బల్లకు బిగిసి ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే తానే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. తడి నేల మీద రబ్బరు మ్యాట్ వేసుకోండి. వోల్టేజి తక్కువై మోటారు హుమ్మంటూ వేగం అందుకోకపోతే వెంటనే ఆపండి, లేదంటే వైండింగ్ కాలిపోతుంది. కరెంటు పోయినప్పుడు స్విచ్ ఆపడం మరిచిపోతే, అది తిరిగి వచ్చేసరికి రాయి మీద ఎవరి చేయి ఉంటుందో చెప్పలేం. కరెంటు వచ్చినా మళ్లీ నొక్కితే తప్ప మొదలవని నో-వోల్ట్ స్విచ్ పెట్టించుకోండి.

కంట్లో పడితే

నలపకండి. పైపైన దుమ్మయితే శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తే పోతుంది. ఇనుప రవ్వ అయితే కంటిపొరకు అతుక్కుని, ఒకటి రెండు రోజుల్లోనే చుట్టూ తుప్పు వలయం కడుతుంది. అగ్గిపుల్లతో, చీర కొంగుతో, ఊళ్లో తీసేవాళ్లతో తీయించొద్దు. వేగంగా వచ్చిన ముక్క కొన్నిసార్లు నొప్పి లేకుండానే లోపలికి దిగిపోతుంది. చూపు మసకబారినా, నల్లగుడ్డు ఆకారం మారినా, కంటి నుంచి నీరో రక్తమో కారినా నీళ్లు పోయడం కూడా ఆపండి. ఒత్తిడి పడకుండా కాగితం కప్పు లాంటిది అడ్డంపెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి, తిరుపతిలో అయితే రుయా ప్రభుత్వాసుపత్రికి గానీ అరవింద్ కంటి ఆసుపత్రికి గానీ. గుచ్చుకున్న ముక్కను లాగొద్దు. గ్రైండర్ దగ్గర ఇనుము పడిందని డాక్టరుకు ముందే చెప్పండి. లోపల ఇనుము ఉండగా ఎమ్మారై తీస్తే అది కదిలి కన్ను పోవచ్చు, ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీస్తారు.