గోల్జీ స్లైడులో డెండ్రైట్ స్పైన్‌లను చూసి లెక్కించే పద్ధతి

న్యూరాన్‌లు (నాడీకణాలు) సంకేతాలు అందుకునే కొమ్మలైన డెండ్రైట్‌ల మీద సన్నని ముళ్లలా పొడుచుకొని ఉండే స్పైన్‌లను స్పెయిన్ నాడీ శాస్త్రజ్ఞుడు రామోన్ కహాల్ 1888లో పక్షుల చిన్నమెదడులో వర్ణించినప్పుడు, అవి వెండి రంజనం (వెండి లవణంతో కణాలకు రంగు పట్టించడం) మిగిల్చిన మరకలేనని అనుమానించినవారు ఉన్నారు. ఈనాటికీ కొత్తగా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవారికి మొదట వచ్చే సందేహం అదే, అందుకే లెక్కకంటే ముందు చూపు కుదరాలి.

గోల్జీ రంజన పద్ధతిలో, పొటాషియం డైక్రోమేట్‌లోను, తరువాత సిల్వర్ నైట్రేట్‌లోను నానిన మెదడు ముక్కలో కొద్ది న్యూరాన్లే పూర్తిగా నల్లబడతాయి. అన్నీ నల్లబడి ఉంటే ఒక్క కొమ్మ కూడా విడిగా కనిపించేది కాదు. తక్కువ రెట్లు పెద్దది చేసే ఆబ్జెక్టివ్‌తో (స్లైడు వైపు ఉండే కటకంతో) హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఒక పిరమిడ్ ఆకారపు న్యూరాన్‌ను వెతికి, దాని కొమ్మల్లో కవర్‌స్లిప్‌కు (పైన కప్పిన పలుచని గాజుకు) దగ్గరగా, అడ్డంగా పరుచుకొని ఉన్నదాన్ని ఎంచుకోండి, ఎందుకంటే లోతుకు దిగిన కొమ్మ అసలు పొడవుకంటే పొట్టిగా కనిపించి, లెక్కను అబద్ధంగా పెంచుతుంది.

ఇక 100 రెట్ల ఆయిల్ ఆబ్జెక్టివ్ దించి, ఫైన్ ఫోకస్ మరను వెంట్రుకవాసి తిప్పండి. నల్లని గీత అంచు మసకబారుతుండగా దాని పక్కన ఒక బొట్టు తేరుకుంటుంది, ఇంకాస్త తిప్పితే ఆ బొట్టును కొమ్మతో కలిపే సన్నని తొడిమ తెలుస్తుంది. ఆ బొట్టే స్పైన్ తల. గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని పట్టుకునే గ్రాహకాలు గుమిగూడే సినాప్స్, అంటే మరో న్యూరాన్‌తో కలిసే చోటు, అక్కడే ఉంటుంది. తొడిమలాంటి ఆ సన్నని మెడ తలలోకి వచ్చిన కాల్షియంను చాలావరకు అక్కడే నిలుపుతుంది కాబట్టి, పక్కవాటిని కదిలించకుండా ఆ ఒక్క సినాప్సే బలపడగలదు. బలపడినప్పుడు లోపలి ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరిగి తల ఉబ్బుతుంది. ఇంత చిన్న చోట ఇంత పని జరుగుతుందని తెలిసి చూసేవారి చెయ్యి మర మీద తొందరపడదు.

మెడ మందం చాలాసార్లు 0.1 మైక్రోమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది, కాంతి సూక్ష్మదర్శిని విడదీయగలిగేది సుమారు 0.2 మైక్రోమీటర్ల వరకే. అందువల్ల మెడ కనిపించక విడిగా తేలుతున్న తలను వదిలేయకండి, పొట్టి మెడ గలదాన్ని మెడే లేనిదని రాయకండి. ఆకార వర్గీకరణకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నమ్మడమే మేలని నా అభిప్రాయం.

కొమ్మలో 20 మైక్రోమీటర్ల పొడవున 24 స్పైన్‌లు ఉంటే సాంద్రత మైక్రోమీటరుకు 1.2. కొమ్మకు సరిగ్గా పైన, కింద ఉన్నవి దాని నలుపులో దాగిపోతాయి కనుక ఇది తక్కువ అంచనాయే, కానీ అన్ని స్లైడులనూ ఒకే తీరున లెక్కిస్తే పోలికకు పనికొస్తుంది. ఏ స్లైడు ఏ జంతువుదో లెక్కించేవారికి తెలియకుండా, మరొకరి చేత చీటీలు మార్పించి మొదలుపెట్టండి.